మారిషస్‌కు దారి ఎగ్మోర్ మీదుగా

మారిషస్ అనగానే మన కుర్రకారుకు గుర్తొచ్చేవి నీలి సముద్రం, సినిమా పాటల షూటింగ్‌లు. చరిత్ర విద్యార్థులను పరిశోధనకు అక్కడికి తీసుకెళ్లదలచిన అధ్యాపకుడు ముందుగా చెరిపేయాల్సింది ఆ బొమ్మనే. వాళ్లు చూడబోయేది పోర్ట్ లూయీ రేవులోని 16 రాతి మెట్లు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆప్రవాసీ ఘాట్ అదే. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ 36 మంది భారతీయ కూలీలను ఆ దీవికి చేర్చింది. 1910 దాకా అలా వెళ్లినవారు దాదాపు నాలుగున్నర లక్షలు. బానిసత్వానికి స్వస్తి చెప్పిన బ్రిటిష్ సామ్రాజ్యం చెరకు తోటలకు వెతుక్కున్న చౌక చేతులివి.

వారిలో ఎక్కువమంది కలకత్తాలో ఓడెక్కిన భోజ్‌పురి ప్రాంతాలవారు. తెలుగువారికి మాత్రం అక్కడ 'కోరంగీలు' అన్న పేరు పడింది. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు చలవ అది.

పాస్‌పోర్టులు, టికెట్ల సంగతి ట్రావెల్ ఏజెంట్ చూసుకుంటాడు. అసలు కసరత్తు వేరు. మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రపరచిన వలస రిజిస్టర్లలో కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, ఎత్తు, కులం, ఊరు, ఒంటి మీది మచ్చలు ఉంటాయి. 1860ల నుంచి ఫొటోలూ కనిపిస్తాయి. వాటిని చూడటానికి అనుమతి కోరుతూ ముందే రాసుకోవాలి. అయితే అనుమతి దొరికినంత మాత్రాన పని జరగదు. 'తూర్పు గోదావరి' అని వెతికే విద్యార్థికి ఏమీ దొరకదు. ఆ జిల్లా పుట్టిందే 1925లో. 1859కి ముందు ఆ ప్రాంతం రాజమండ్రి జిల్లా. కాకినాడ 'కోకనాడ'గా, విశాఖ 'వైజాగపటం'గా ఉంటాయి. ఇక వ్యక్తుల పేర్లంటారా, గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా. కీబోర్డుకు అలవాటు పడ్డ తరానికి 19వ శతాబ్దపు గొలుసుకట్టు ఇంగ్లిష్ చదవడమే పెద్ద పరీక్ష.

అందుకే తొలి ప్రయాణం చెన్నైకి కట్టాలి. నాటి మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలు ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ నాలుగు రోజులు దుమ్ము పీల్చని బృందం మోకాలో ఉన్న కాస్త సమయాన్నీ అక్షరాలు కూడబలుక్కోవడంతోనే సరిపెడుతుంది. హ్యూ టింకర్ 1974లో ఈ వ్యవస్థను కొత్త తరహా బానిసత్వమన్నారు. మెరీనా కార్టర్ 1996 నాటి పుస్తకంలో కూలీల ఉత్తరాలు, అర్జీల నుంచి వారి గొంతు వినిపించే ప్రయత్నం చేశారు. విమానం ఎక్కేలోగా ఆ రెండూ చదివి, క్లాసులో పోట్లాడుకుంటే మరీ మంచిది.

అన్నిటికన్నా చిక్కు మనుషులతోనే. ఉగాదికి ప్రభుత్వ సెలవిచ్చే దేశమది. ఇండియా నుంచి తెలుగు విద్యార్థులొచ్చారంటే ఎవరో ఒకరు ముత్తాత కాగితం పట్టుకొచ్చి 'మా ఊరెక్కడ?' అని అడుగుతారు. జవాబు దొరకవచ్చు. కానీ అదే వరుసలో కులం గడి కూడా ఉంటుంది. సముద్రం దాటాక కులం మార్చి చెప్పుకున్నవారున్నారు, దాన్ని పూర్తిగా వదిలేసుకున్నవారూ ఉన్నారు. నాలుగు తరాల కిందట ఎవరో తెలివిగా వదిలించుకున్న దాన్ని 20 ఏళ్ల కుర్రాడు నలుగురిలో పైకి చదివితే? నా మటుకు, ఆ గడిని అడిగినవారికి, అదీ ఒంటరిగా ఉన్నప్పుడే చూపాలి. ఈ సంగతి హైదరాబాద్‌లోనే తేల్చుకుని, ప్రతి విద్యార్థి చేతా ఒప్పుకోలు పత్రం రాయించుకున్నాకే టికెట్లు కొనాలి.