హార్ట్: అక్కాచెల్లెళ్ల రాక్

గిటార్ల హోరును తగ్గించకుండానే, ఒకసారి వినగానే నోటికి పట్టే రాగాన్ని ముందుకు తెచ్చే మెలోడిక్ రాక్ ధోరణి 1980లలో అమెరికన్ రేడియోను ఏలినప్పుడు, దానికి స్త్రీ గొంతుతో నిండుదనం తెచ్చిన బృందాల్లో ముందుగా చెప్పుకోవలసినది ఆన్, నాన్సీ విల్సన్ అక్కాచెల్లెళ్ల ‘హార్ట్’. 1970లలో జానపద ఛాయలున్న హార్డ్ రాక్‌తో పేరు తెచ్చుకుని, ఆ తరువాత అమ్మకాలు పడిపోయి వెనుకబడిన ఈ బృందం, క్యాపిటల్ సంస్థకు మారి, బయటి రచయితల పాటలు కూడా స్వీకరించి, 1985లో తన పేరుతోనే వెలువరించిన ఆల్బమ్‌తో అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. 1987లో అగ్రస్థానం పొందిన ‘అలోన్’ పవర్ బ్యాలడ్‌కు, అంటే మెల్లగా మొదలై పల్లవి దగ్గర డ్రమ్స్, గిటార్లతో ఉప్పొంగే ప్రేమగీతానికి, చక్కని నమూనా. అందులో దాదాపు గుసగుసగా మొదలయ్యే ఆన్ స్వరం ఒక్కసారిగా తారస్థాయికి ఎగసినా శ్రుతి చెదరదు. (కీబోర్డుల మోత మాత్రం నేటి చెవికి కాస్త ఎక్కువే.) విశేషమేమంటే, ఈ బృందానికి తొలి నంబర్ వన్ గీతమైన 1986 నాటి ‘దీజ్ డ్రీమ్స్’ను పాడినది ప్రధాన గాయని ఆన్ కాదు, గిటారిస్టుగా పేరొందిన చెల్లెలు నాన్సీ.