మాధవి లేని భామ

ముప్పదియైదేండ్ల ప్రాయమున కాలికి గజ్జె కట్టుట హాస్యాస్పదమని మీరనుకొనవచ్చును. నేనును అట్లే తలంచితిని. కాని చెలి యొకతె చేయిపట్టి నన్ను నరసరావుపేటలో కూచిపూడి నేర్చుకొనుటకు గొనిపోయెను.

అరమండి నిలుచుట యెంత కష్టమో! మోకాళ్లు విచ్చి, నడుము నిటారుగ నుంచి, మూడు కాలములలో అడుగు వేయవలెను. మూడవ కాలమున నా పాదములు మృదంగమును విడిచి వేరు త్రోవ బట్టును. ఆమె నవ్వెడిది కాదు. నొప్పికి ఆముదము కాచి తెచ్చెడిది.

సిద్ధేంద్రయోగి భామాకలాపమున సత్యభామ కృష్ణునికి లేఖ వ్రాసి మాధవిచేత బంపును. పూర్వమీ వేషములు పురుషులవే. 2012లో గతించిన వేదాంతం సత్యనారాయణశర్మగారు భామగా ప్రసిద్ధులు. మా అభ్యాసమున నేను భామను, ఆమె మాధవి.

మిరపపండ్లు కల్లములకెక్కిన మాఘమాసమున భర్తకు బదిలీయై ఆమె విశాఖపట్టణమునకు వెడలిపోయెను. ఇప్పుడు గురువుగారు గోడను జూపి, "అదే మాధవి యనుకొనుడమ్మా" యందురు. గోడతో నేమి చెప్పుకొందును?

ఫోనులో మాటలాడుకొందుము: పిల్లల జ్వరములు, పత్తి ధర. మొన్న ఆమె, "ఇంకను గజ్జె కట్టుచుంటివా, వదినా?" యని యడిగి ఊరకుండెను. అచ్చట తాను మానివేసినదట.

నిన్నరాత్రి నిజముగనే లేఖ వ్రాసితిని. "మాధవీ" యని సంబోధించితిని. మావారు బడిపంతులు గదా, అక్షరదోషములు వెదకి, తపాలాబిళ్ల యంటించి యిచ్చిరి.