హరాజు వద్దు, వంతుల ఎంపిక చాలు



ఈసారి మన క్రికెట్ టోర్నమెంటుకు ఆటగాళ్లను హరాజు వేసి పంచుకుందామని కుర్రాళ్లు ప్రతిపాదన పెట్టారు. ఆరు టీములు. ఒక్కో టీము ఓనరుకు ఇన్ని పాయింట్లని ఇస్తారు. స్టేజీ మీద ఒకరు సుత్తి పట్టుకుని పేర్లు చదువుతారు, ఓనర్లు చెయ్యెత్తుతారు. చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి మూడు ఊళ్లూ కలిపి 90 మంది పిల్లలు పేర్లిచ్చారు. టీముకు 13 మంది అన్నారు. అంటే 78 మందికి చోటుంది, 12 మంది మిగులుతారు. వచ్చే ఆదివారం మీటింగులో ఇది తేలాలి. అక్కడ మాట్లాడేదానికి మనిషికి రెండు నిమిషాలు కూడా దొరకవు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాము.

మేము అంటే సాయంత్రం పూట బెంచీ మీద కూర్చునే రిటైరైన నలుగురం. అందులో ఈ రాసే చెయ్యి రైల్వే గుమాస్తాది. బడిలో చదివింది తమిళం, తెలుగు ఇంట్లో అమ్మ దగ్గర వచ్చింది. వేలం అన్నా, ఏలం అన్నా, మన పక్క అందరూ అనే హరాజు అన్నా మాకు ఒకటే. మూడు భాషల్లోనూ అది సరుకు అమ్మే మాట.

హరాజు మనకు కొత్తది కాదు. శిడ్లఘట్ట గూళ్ల మార్కెట్టు ఎంత దూరం? రీలరు వస్తాడు, గూళ్లు గుప్పెడు తీసుకుంటాడు, చెవి దగ్గర పెట్టి ఆడిస్తాడు, వేళ్లతో నొక్కి చూస్తాడు. ఎన్ని కిలోల గూళ్లకు కిలో నూలు దిగుతుందో మనసులో లెక్క కట్టుకుని అప్పుడు ధర చెప్తాడు. ఇప్పుడు ఆ ధర మొబైల్లో పెడుతున్నారు, అంతే తేడా. అక్కడ ఒక మర్యాద ఉంది. ధర నచ్చకపోతే ఇవ్వనని చెప్పే హక్కు రైతుకు ఉంది. మన పిల్లల హరాజులో ఆ హక్కు ఎవరికుంది?

పోయిన ఏడాది పక్క ఊళ్లో ఇట్లాంటి హరాజే జరిగింది. మనకు తెలిసిన ఇంటి పిల్లవాడు, 16 ఏళ్లవాడు, పేరిచ్చినాడు. మైకులో వాని పేరు చదివితే ఒక్క చెయ్యీ లేవలేదు. మళ్లీ చదివినారు, లేవలేదు. "అన్‌సోల్డ్" అని సుత్తి కొట్టి తరువాత పేరుకు పోయినారు. దాన్ని ఎవరో ఫోన్లో తీసి గ్రూపులో వేసినారు. ఆ తరువాత పిల్లవాడు గ్రౌండుకు రావడం మానేశాడు. వాళ్ల అవ్వ మమ్మల్ని నిలబెట్టి అడిగింది: "అమ్ముడుపోలేదంటే ఏంది నాయనా? వాడేమన్నా గొర్రెపిల్లనా?" మా నలుగురిలో ఒక్కరికీ జవాబు రాలేదు.

కుర్రాళ్లు ఐపీఎల్ చూపిస్తున్నారు గదా, సరే, పెద్ద టీములు ఆటగాళ్లను ఎట్లా ఎంచుకున్నాయో అదే చూద్దాం. మాకు తెలిసినంతలో అక్కడ హరాజు ఒక్కటే లేదు. ఎంచుకోవడం వేరే రకంగానూ జరిగింది.

మొదటి హరాజు 2008 ఫిబ్రవరిలో ముంబైలో జరిగింది. ఒక్కో టీముకు 50 లక్షల డాలర్లు. సచిన్, గంగూలీ, ద్రావిడ్, సెహ్వాగ్, యువరాజ్ లాంటివాళ్లకు 'ఐకాన్' అని పేరు పెట్టి హరాజులోకి దించకుండా వాళ్ల ఊరి టీముకే ఇచ్చారు. ఐకాన్‌కు ఒక నియమం ఉంది. ఆ టీములో అందరికంటే ఎక్కువ ధర పలికినవానికంటే 15 శాతం ఎక్కువ ఆయనకు ఇవ్వాలి. హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్‌కు మన లక్ష్మణ్ ఐకాన్ కావాల్సింది. ఆయన ఆ హోదా వదులుకున్నాడు. ఎందుకో గుమాస్తా లెక్క వేసి చూపిస్తాము. ఆ రోజు హైదరాబాద్ వాళ్లు సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు కొన్నారు. లక్ష్మణ్ ఐకాన్ అయివుంటే ఆయనకు 15.5 లక్షలు దాటేది. ఇద్దరికే 29 లక్షలు, అంటే సంచిలో సగం కంటే ఎక్కువ. ఆయన తగ్గినందువల్ల గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షలు, అప్పటికి కుర్రవాడైన రోహిత్ శర్మకు 7.5 లక్షలు పెట్టేదానికి వీలైంది. హరాజు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల తెలివి ఒక ఎత్తు. ఆ రోజు పనికొచ్చింది మాత్రం ఇంటి పెద్ద తన వాటా తగ్గించుకోవడం.

అంత చేసినా ఆ ఏడాది హైదరాబాద్ ఆఖరుది, బెంగళూరు దాని పైది. ఎనిమిది టీముల్లో ఎనిమిది, ఏడు. అందరూ నవ్వినారు. మర్సటేడు 2009 మే 24న జోహన్నెస్‌బర్గ్‌లో ఫైనల్ ఆడింది ఈ రెండు టీములే. ఆ రాత్రి బాగేపల్లిలో మా బంధువుల ఇంట్లో టీవీ ముందు సగం మంది అటు, సగం మంది ఇటు. నోట్లో మాట తెలుగు, రేషన్ కార్డు కర్ణాటకది, ఎవరి పక్క ఉండాలి? హైదరాబాద్ 143 కొట్టింది, బెంగళూరు 137 దగ్గర ఆగింది. ఆరు పరుగులు. బెంగళూరు ఆ ఏడాది 15.5 లక్షల డాలర్లు పెట్టి తెచ్చుకున్న పీటర్సన్ మధ్యలోనే తన దేశం ఆటకు వెళ్లిపోయాడు. టీమును ఫైనల్ దాకా నడిపించిందీ, ఆ రాత్రి 16 పరుగులకు 4 వికెట్లు తీసిందీ మన కుంబ్లే. ఎక్కువ ధర ఒకరిది, బరువు మోసింది ఇంకొకరు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. అదే 2008 మార్చిలో ఇంకొక ఎంపిక జరిగింది. అండర్-19 ప్రపంచ కప్పు గెలిచి వచ్చిన పిల్లలను హరాజులో పెట్టలేదు, డ్రాఫ్ట్ పెట్టారు. అంటే వంతుల ఎంపిక. చిన్నప్పుడు బడి వెనక గోలీలాటకు ఇద్దరు నాయకులు నిలబడి 'నాకు వాడు, నాకు వీడు' అని వంతు వంతుగా పిలుచుకునేవాళ్లం గదా, అదే. డబ్బు ముందే కట్టేసి ఉంటుంది, అరుపులుండవు. మొదటి వంతు ఢిల్లీకి వచ్చింది. ఆ కప్పు గెలిచిన కెప్టెన్ కోహ్లీ వాళ్ల ఊరి పిల్లవాడే. అయినా వాళ్లు ఎడమచేతి ఫాస్ట్ బౌలర్ ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకున్నారు. తరువాతి వంతు బెంగళూరుది, 30 వేల డాలర్లకు కోహ్లీ వచ్చాడు.

ఢిల్లీ వాళ్లను ఇప్పుడు నవ్వడం సులభం. ఆ రోజు వాళ్ల దగ్గర సెహ్వాగ్, గంభీర్, ధావన్, డివిలియర్స్ ఉన్నారు. ఇంకొక బ్యాటరు ఎందుకు, బౌలరే కావాలి అనుకున్నారు. ఇంట్లో బియ్యం ఉంది, పప్పు లేదు, అందుకని పప్పు కొన్నారు. తప్పేముంది? ఎంపిక చేసే పెద్దలకు ఎప్పుడూ ఉండే చిక్కు ఇదే. ఈ రోజు ఖాళీ నింపేవాణ్ణి తీసుకోవాలా, ఖాళీ ఉన్నా లేకపోయినా ఎదిగేవాణ్ణి తీసుకోవాలా? 19 ఏళ్ల పిల్లవాడు పదేళ్లకు ఏమవుతాడో ఏ బల్ల దగ్గర కూర్చున్నవానికీ కనపడదు.

ఈ పద్ధతి పుట్టిల్లు అమెరికా. మనలో పిల్లలు అక్కడున్న ఇళ్లవాళ్లకు తెలిసే ఉంటుంది. వాళ్ల ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు, చేతిలో పట్టుకుని పరుగెత్తేది. డబ్బున్న టీములే మంచి ఆటగాళ్లను ఎత్తుకుపోతుంటే, ఓడిపోతున్న ఫిలడెల్ఫియా టీము ఓనరు బెర్ట్ బెల్ ఒక మాట చెప్పాడు: పోయిన ఏడాది ఆఖరున నిలిచినవాడు ఈసారి ముందు ఎంచుకోనీ. 1936 నుంచి అది నడుస్తోంది. టీము పెద్దలు ఏడాది పొడుగునా కాలేజీ ఆటలు చూస్తారు, పేర్లను వరసగా పట్టిక రాసుకుంటారు, తమ వంతుకు ఎవరు మిగులుతారో లెక్క వేసుకుంటారు. ఇంత చేసినా 2000లో టామ్ బ్రేడీ అనే పిల్లవాణ్ణి 198 మంది తరువాత 199వ పేరుగా పిలిచారు. ఆయన ఏడుసార్లు కప్పు గెలిచాడు. అంత మంది పెద్దల కళ్లకు కనపడనిది మన స్టేజీ మీద ఒక్క నిమిషంలో కనపడుతుందా?

ఇంక మన బెంగళూరు. కోహ్లీ ఉన్నాడు, గేల్ వచ్చాడు, డివిలియర్స్ వచ్చాడు, కప్పు మాత్రం రాలేదు. 2009, 2011, 2016 మూడు ఫైనళ్లూ పోయాయి. 2024 నవంబరులో జెడ్డాలో పెద్ద హరాజు. కోహ్లీకి 21 కోట్లు, పాటిదార్‌కు 11, యశ్ దయాళ్‌కు 5 ముందే ఇచ్చి అట్టిపెట్టుకుని, మిగిలిన 83 కోట్లతో బల్ల దగ్గర కూర్చున్నారు. వెంకటేశ్ అయ్యర్ కోసం వాళ్లూ 23 కోట్లు దాటారు. కోల్‌కతా ఇంకా ఎక్కితే అక్కడ వదిలేశారు. మన రాహుల్‌ను తేలేదని ఆ రాత్రి ఊరంతా తిట్టింది. మేమూ తిట్టినాము. వాళ్లు హేజిల్‌వుడ్‌ను 12.5 కోట్లకు, భువనేశ్వర్‌ను 10.75కు, కృణాల్ పాండ్యాను 5.75కు తెచ్చారు. ఎన్నేళ్లుగానో మనకు లేనిది బౌలింగు, దానికే ఖర్చు పెట్టారు. 2025 జూన్ 3న ఫైనల్లో 190 కొట్టి పంజాబును 184 దగ్గర ఆపారు. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కృణాల్, 17 పరుగులకు 2 వికెట్లు. మరునాడు స్టేడియం బయట తొక్కిసలాటలో 11 ప్రాణాలు పోయాయి. ఆ దుఃఖం ఇంకా ఆరలేదు, దాని గురించి ఇక్కడ రాయబోము.

ఆ కప్పు ఎత్తిన కెప్టెన్ ఎవరు? రజత్ పాటిదార్. 2022 హరాజులో అతని పేరు చదివితే ఏ టీమూ చెయ్యెత్తలేదు. సీజను మధ్యలో ఒకరికి దెబ్బ తగిలితే వాని బదులు 20 లక్షలకు పిలిపించారు. మే 25న లక్నో మీద 54 బంతుల్లో 112 కొట్టాడు. అన్‌సోల్డ్ అయినవాడే కెప్టెన్ అయినాడు గదా, మన పిల్లలూ గట్టిపడతారులే అని కుర్రాళ్లు అనొచ్చు. అప్పటికి పాటిదార్‌కు 28 ఏళ్లు. క్రికెట్టే అతని ఉద్యోగం, వెనక రాష్ట్రం టీము ఉంది. మన పిల్లవానికి 16. వాని వెనక ఉన్నది అవ్వ ఒక్కతే.

మా సర్వీసులో స్పోర్ట్స్ కోటా ఎంపికలు చూసినాము. ట్రయల్సు పెడతారు, మార్కులు వేస్తారు, లిస్టు నోటీసు బోర్డుకు అంటిస్తారు. ఆ లిస్టులో వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. రానివాళ్ల పేర్లు మైకులో ఎవరూ చదవరు. సర్కారు ఆఫీసుకే ఆ మాత్రం మర్యాద ఉంటే మన సంఘానికి ఉండొద్దా?

హరాజుతో సందడి వస్తుంది, స్పాన్సర్లు వస్తారు, నాలుగు డబ్బులు మిగులుతాయి అంటున్నారు. అది నిజమే, కాదనము. స్పాన్సరు పేరు జెర్సీ మీద వేయండి, స్టేజీ మీద వాళ్లకు శాలువా కప్పండి. పిల్లవాని నుదుటి మీద ధర రాయొద్దు.

మా మాట ఇది. ఆదివారం మీటింగులో దీన్నే పెడతాము.

ఒకటి, హరాజు బదులు వంతుల ఎంపిక. ఆరుగురు కెప్టెన్లు చీటీ తీసి వరస తేల్చుకోవాలి. మొదటి సుత్తు ఒకటి నుంచి ఆరు, రెండో సుత్తు ఆరు నుంచి ఒకటి, మళ్లీ ఒకటి నుంచి ఆరు. అప్పుడు ఆఖరు వంతు వచ్చినవానికి వెంటనే ఇంకొక వంతు దొరుకుతుంది, ఎవరికీ అన్యాయం ఉండదు.

రెండు, టీముకు 13 కాదు, 15 మంది. ఆరు పదిహేన్లు 90. ఒక్కడూ మిగలడు. ప్రతి పిల్లవాడూ కనీసం రెండు మ్యాచులు ఆడాలని నియమం రాసుకుందాం.

మూడు, ఎంపిక తలుపు మూసి గదిలో జరగాలి. కెప్టెన్లు, కమిటీ వాళ్లు తప్ప ఇంకెవరూ వద్దు, ఫోన్లు బయట పెట్టాలి. తరువాత టీముల లిస్టు అకారాది వరసలో అంటించాలి. ఎవడు మొదటివాడు, ఎవడు తొంబయ్యోవాడు అనేది గదిలోనే ఉండిపోవాలి.

నాలుగు, ఎంపికకు ముందు రెండు ఆదివారాలు అందరినీ ఆడించి కెప్టెన్లు చూడాలి. గూళ్లు కొనేవాడు కూడా ఆడించి చూడకుండా ధర చెప్పడు.

ఐదు, ఎక్కువ తెలిసిన పెద్ద ఆటగాళ్లు ఇద్దరు ముగ్గురు ఉన్నారు. వాళ్లను ఒకే టీములో చేరొద్దని మేము అడుగుతాము. లక్ష్మణ్ అంతవాడు తగ్గినాడు, మనవాళ్లూ తగ్గుతారనే మా నమ్మకం.

ఇందులో నచ్చనిది ఉంటే కింద రాయండి అన్నలూ, అక్కలూ, తమ్ముళ్లూ. ఓనర్లుగా పేరిచ్చిన ఆరుగురూ తప్పకుండా రాయండి. పోయిన ఏడాది ఆట మానేసిన ఆ పిల్లవాని ఇంటికి బుధవారం మేము నలుగురమూ పోతున్నాము, ఈసారి మన టోర్నమెంటుకు పేరిమ్మని అడిగేదానికి. వాడు ఒప్పుకుంటే 91 మంది అవుతారు. అప్పుడు ఒక టీము 16 మందిని తీసుకోవాల్సి వస్తుంది. ఏ కెప్టెన్ తీసుకుంటాడో ఆదివారం లోపల చెప్పండి.