ఏరు

మా కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. ఒకటో తరగతిలో దాహమై "ఏరు" అన్నాను. వాగుకు పోతానంటున్నానేమో అనుకుని మా తెలుగు సారు కూర్చోమన్నాడు.

1997లో పది పాసయ్యాను. ఇంట్లో జరగక ఎండాకాలం తునికాకు కోశాను, పంట రోజుల్లో మిరప తోటల్లో కూలికి పోయాను. పెళ్లయింది, బిడ్డ పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకేనని 2000లో జీవో 3 వచ్చింది. ఆ ఆశతోనే ఇంటర్ ప్రైవేటుగా కట్టాను. బిడ్డను మా అత్త దగ్గర వదిలి రెండేళ్ల టీచర్ ట్రైనింగుకు పోయాను. సెలవులకొస్తే బిడ్డ నన్ను చూసి అత్త కొంగు చాటుకు పోయేది.

ఉద్యోగం వచ్చింది. నా బడిలో "ఏరు" అన్న పిల్లకు వెంటనే గ్లాసు అందించాను.

ఇప్పుడు ఆ బిడ్డే డి.ఎడ్. పూర్తి చేసింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ని కొట్టేసింది. అప్పటికే చేరిన మా ఉద్యోగాలు నిలిచాయి. "నన్ను వదిలి చదువుకున్నావు. ఆ దారి నీతోనే ఆగిపోయింది కదమ్మా" అంటుంది. నా దగ్గర జవాబు లేదు.

నేను దిగిపోయాక నా కుర్చీలో కూర్చునేవారికి ఏరు అంటే ఏమిటో తెలియాలి. నేనడిగేది అంతే.