మచ్చలు తీసెయ్యాలా?

మొన్న శనివారం రాత్రి ఒక పాత ఫోటోతో మూడు గంటలు కుస్తీ పట్టాను. 1964లో మా మేనత్త పెళ్ళి చీరలు కొనడానికి నల్లగొండ నుంచి సుల్తాన్ బజార్ వచ్చినప్పుడు, అక్కడే ఒక స్టూడియోలో తీయించుకున్నది. కుర్చీలో నాయనమ్మ, పక్కన నిలబడి అత్త. నాయనమ్మకి ఉన్న ఫోటో ఇదొక్కటే. మధ్యలో మడత, మూలల్లో బూజు, ఎక్కడ చూసినా చుక్కలు. దాన్ని బాగుచేసి, పెద్ద ప్రింటు తీయించి అత్తకిద్దామని నా ఆలోచన.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, చేత్తో చేసే పనంటే బద్ధకం :-) ఫోటోషాప్‌లో ముందు డస్ట్ అండ్ స్క్రాచెస్ ఫిల్టర్, దాని మీద చర్మాన్ని నునుపు చేసే ఒక ప్లగిన్. స్లైడర్లు అటూ ఇటూ జరిపి ఓకే నొక్కా. మడత మాత్రం హీలింగ్ బ్రష్‌తో తీశా. అబ్బో, నిన్ననే తీసినట్టుంది అనుకున్నా.

ఆదివారం తీసుకెళ్ళి చూపిస్తే అత్త కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది. "మంచిగనే చేసినవ్ గనీ, ఈమె ఎవర్రా?" అంది.

నాయనమ్మకి పదేళ్ళప్పుడు అమ్మవారు పోసిందట. ఆమె బతికింది, చెల్లెలు బతకలేదు. మొహం నిండా మచ్చలు మిగిలాయి. మన దేశంలో మశూచి చివరి కేసు 1975లో. అసలు ప్రపంచంలోనే ఇక లేదని 1980లో ప్రకటించారు. అందుకే మన తరానికి అలాంటి మొహాలు పెద్దగా తెలియవు. పైగా నేను పుట్టేసరికే నాయనమ్మ లేదు. ఆ గుంటలు కూడా బూజే అనుకున్నా. నిజం చెప్పాలంటే అది కూడా అనుకోలేదు, ఫిల్టర్ చూసుకుంటుందిలే అని వదిలేశా.

ఇంతకీ ఫిల్టర్ ఏం చూసుకుంటుంది? డస్ట్ అండ్ స్క్రాచెస్ చేసేది చాలా చిన్న పని. పిక్సెల్ చుట్టూ మనం చెప్పిన రేడియస్ మేర ఉన్న విలువల్ని వరసలో పెట్టి, మధ్యదాన్ని పట్టుకుంటుంది. తేడా మనం పెట్టిన థ్రెషోల్డ్ దాటితే పాతది తీసి దీన్ని పెడుతుంది. నునుపు చేసే ప్లగిన్లదీ ఇంచుమించు ఇదే దారి. కన్ను, పెదవి లాంటి పెద్ద అంచులు ఉంచి, చిన్న చిన్న తేడాలు చదును చేస్తాయి. దానికి మరకా ఒకటే, మచ్చా ఒకటే. చుట్టుపక్కల వాటిలా లేనిది ఏదైనా తప్పే.

పాత రోజులే మంచివి అనబోతున్నానని అనుకోకండి. ఫోటో తీసినరోజు స్టూడియో ఆయన కూడా "మచ్చలు తీసెయ్యాలా అమ్మా?" అని అడిగాడట. నాయనమ్మ ఏమందో అత్త చెప్పింది. "నా బిడ్డ గదుమ మీద గాటు తియ్యి, పెండ్లిపిల్ల. నాయి తీస్తె నన్నెవరు గుర్తువడ్తరు?"

ఇంటికొచ్చి ఒరిజినల్ స్కాన్ జూమ్ చేసి చూశా. అత్త గడ్డం మీద కామాల్లాంటి సన్న గీతలున్నాయి. నెగెటివ్ మీద పెన్సిల్ పని అది. నెగెటివ్‌కి పెన్సిల్ పట్టేలా ముందు ఒక మందు రాసి, బాగా సన్నగా చెక్కిన గట్టి పెన్సిల్‌తో గీసేవాళ్ళు. ప్రింటులో నల్లగా పడాల్సిన చోటు నెగెటివ్‌లో పలచగా ఉంటుంది. అక్కడ పెన్సిల్ పడితే ప్రింటులో తెల్లబడుతుంది. నాయనమ్మ మొహం మీద ఒక్క గీత కూడా లేదు. మచ్చలు తీసెయ్యడం ఆయనకీ వచ్చు, కాకపోతే అడిగి తీశాడు. నా ప్లగిన్ మచ్చలతోపాటు ఆయన పెన్సిల్ గీతల్ని కూడా మింగేసింది.

2020లో ఫోటోషాప్‌లోకి న్యూరల్ ఫిల్టర్లు కూడా వచ్చాయి. పాత ఫోటోలు బాగుచేసేదీ తర్వాత వాటిలో చేరింది. పాత ఫిల్టర్ కనీసం ఆ ఫోటోలో ఉన్న పిక్సెళ్ళతోనే సరిపెట్టుకుంటుంది. ఇవి ఎవరెవరి ఫోటోల నుంచో నేర్చుకున్నదాన్ని బట్టి, లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. మా నాయనమ్మ మొహం వాటికెలా తెలుస్తుంది?

సరే, మళ్ళీ మొదటినుంచి మొదలెట్టా. ఒరిజినల్ స్కాన్‌ని టిఫ్‌గా దాచా. లేయర్‌ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి ఫిల్టర్ వేశా, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు (2007లో సీఎస్3 నుంచే ఉంది ఈ సౌకర్యం, వాడితేగా!). మొహాలకి ఫిల్టర్ తగలకుండా మాస్క్ పెట్టా. మొహం మీది చుక్కలు మాత్రం అత్తని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కటే చూశాం.

"ఇది?"

"తీసెయ్."

"ఇది?"

"అది అమ్మదేరా, ఉండనియ్."

అరవై ఏళ్ళ తర్వాత ఎలా గుర్తుందత్తా అంటే, చిన్నప్పుడు ఆ చెంప తడుముకుంటూనే నిద్రపోయేదట.

ప్రింటు సుల్తాన్ బజార్‌లోనే తీయిద్దామని వెళ్ళా. ఆ స్టూడియో లేదు, అక్కడిప్పుడు చీరల కొట్టు. రోడ్డు మీద, 2020లో మొదలైన మెట్రో లైను. దగ్గర్లోనే కోఠిలో ఒక ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్ ఇచ్చా. కౌంటర్లో కుర్రాడు స్క్రీన్ మీద చూసి, "సార్, ఫేస్ క్లీన్ చెయ్యాలా? ఎక్స్‌ట్రా ఏం లేదు" అన్నాడు.

అడిగాడు, సంతోషం. వద్దన్నాను.