చూపించమని అడగాలి

2025 జూలై 7, సోమవారం, అమలాపురం

మేనకోడలి బీటెక్ అయిపోయింది. యూఎక్స్ రీసెర్చిలోకి వస్తానంటోంది. "ఫిగ్మా నేర్చుకుంటే చాలా అత్తా?" అని పొద్దున్నే పట్టుకుంది. ఫిగ్మా తెర గీసేవాళ్ల పనిముట్టు, మన పని ఆ తెర పట్టుకున్న మనిషితో అన్నాను. ఎలా అడగాలో, ఎప్పుడు ఊరుకోవాలో కోర్సుల్లో చెబుతారు. వంటబట్టేది మాత్రం జనం మధ్యే. కొబ్బరి ధరల యాప్ పరీక్షకి ఎల్లుండి నాతో రమ్మన్నాను.

జూలై 9, బుధవారం, అంబాజీపేట

కౌలు రైతు. కాయలు తనే వలుస్తాడు. "యాప్ బాగుందా బాబాయ్?" అని అడిగిందీ పిల్ల. "ఆయ్, శానా బాగుందండి" అన్నాడు. గుమ్మంలోకి వచ్చినవాళ్లతో బాగాలేదని మా వైపు ఎవరంటారు? ఆ మర్యాదని ఫలితమని రాసుకోకూడదు. నిన్న ధర ఎలా తెలిసిందో చూపించమని అడిగించాను.

చేతిలో కాయ కింద పెట్టాడు. బొటనవేలు లుంగీకి తుడిచి ఫోను మీద ఆనించాడు. తెరుచుకోలేదు. వేలు జుట్టుకి రాసి మళ్లీ ఆనించాడు. పీచు ఒరిపిడికి గీతలే అరిగిపోయాయి. కొడుకు వచ్చి పిన్ కొట్టాడు. అప్పుడైనా మా యాప్ జోలికి పోలేదు. వాట్సాప్‌లో వ్యాపారి పంపిన వాయిస్ మెసేజి చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాడు. ధర అక్కడిదే!

మధ్యలో పిల్ల వేలు ఫోను వైపు వెళ్లింది, ఆపాను. సాయం చెయ్యాలనిపిస్తుంది, నిజమే. చేశామా, ఆయన ఎక్కడ ఆగిపోతాడో మనకి తెలీదు.

ఈ ఏడాది జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 161 సేవలతో 'మన మిత్ర'ని వాట్సాప్‌లోనే ఎందుకు పెట్టిందో ఈ అరుగు మీద కూర్చుంటే అర్థమవుతుంది.

జూలై 11, శుక్రవారం, రాజోలు

ఇవాళ ఒక మామ్మగారిని కలిశాం. ఆవిడ నంబరు కూతురి పేరున ఉంది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లింది, సిమ్మూ వెంటే వెళ్లింది. మా యాప్ తెరవడానికి వచ్చే ఓటీపీ అక్కడికి పోతుంది. ఇక్కడ తొమ్మిదంటే అక్కడ ఆరున్నర, వంటింట్లో ఊపిరాడని వేళ. ఆమె చూసి చెప్పేలోపు గడువు దాటిపోతుంది. మనిషికో ఫోను అనుకుని కట్టిన యాప్ ఇది. ఒకరి చేత ఇంకొకరు ఫోను పని చేయించుకోవడం గురించి నిత్య సాంబశివన్ బృందం బెంగళూరు బస్తీల్లో పరిశోధించి 2010లోనే రాసింది. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఆ వ్యాసం చదివి తీరాలి.

జూలై 13, ఆదివారం, అమలాపురం

పిల్ల నోట్సు దిద్దాను. "రైతుకి యాప్ అర్థం కాలేదు" అని రాసింది. అది ఊహ. "యాప్ తెరవలేదు, వాయిస్ మెసేజి విన్నాడు" అన్నది చూసింది. రెండూ వేరువేరు గళ్లలో రాయించాను. అయిదుగురితో పరీక్షిస్తే చాలని యూజబిలిటీ నిపుణుడు నీల్సన్ అన్నాడుగా అంది. ఆ అయిదుగురూ ఒకే తరహా వాళ్లయితేనే. దింపు కార్మికుడు, వ్యాపారి, మామ్మగారు ఒక లెక్కలోకి రారు.

రేపు రావులపాలెం అరటి మార్కెట్. ప్రశ్నలు తనవి, రాసుకోవడం నాది. రికార్డు చేసే ముందు అనుమతి అడిగే మాట ఇందాక అనిపించి చూశాను. వద్దంటే ఫోను సంచిలో పెట్టేయాలని చెప్పాను, మొహం మాడ్చకుండా.