రోగికి చెప్పని రోగము

మా మేనమామకు చుట్ట లేనిదే తెల్లవారెడిది కాదు. గుంటూరు ప్రాంతమున పొగాకు సేద్యముతోనే గడచిన కుటుంబము గావున, ఆ యలవాటు తప్పనుటకు మాలో నెవరికిని నోరు రాలేదు. 2017 సంక్రాంతినాటికి ఆయనను పొడిదగ్గు పట్టుకొన్నది. ఛాతీ ఎక్స్‌రేలో నీడ కనబడెను. కఫములో క్షయక్రిములు కనబడలేదు. అయినను ఒక వైద్యుడు క్షయయేయని నిశ్చయించి ఐదు నెలలు మందులిచ్చెను. దగ్గు, బరువు తగ్గుట, ఎక్స్‌రేలో నీడ, ఇవి ఆ రోగమునకును క్యాన్సరునకును గూడ గురుతులే. గడ్డనుండి ముక్క తీసి పరీక్షించిననే గాని నిజము తేలదు. ఆ పరీక్ష యేల చేయింపలేదని మేమును అడుగలేదు. క్షయ యన్న మాటయే మాకు ధైర్యముగా నుండెను. రాచపుండు పేరు మా యింట పెద్దలు పలుకనిచ్చెడివారు కారు.

ఆషాఢమున కఫముతో నెత్తురు పడగా హైదరాబాదు తీసికొనిపోతిమి. స్కాను చూచిన శస్త్రవైద్యుడు నన్ను వేరుగా పిలిచి, వ్యాధి కాలేయమునకు ప్రాకినదనియు, శస్త్రము చేయు దశ దాటినదనియు చెప్పెను. ఊపిరితిత్తిలో చిన్నగడ్డగా నున్నప్పుడే కోసి తీసిన రోగులలో సగమునకు మించినవారు ఐదేండ్లు గడుపుదురు. దూరపు అవయవములకు ప్రాకిన పిమ్మట మిక్కిలి కొద్దిమందియే.

ఆ శస్త్రవిద్య క్రొత్తది కాదు. 1933 ఏప్రిలు 5వ తేదీన అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమున ఎవర్ట్స్ గ్రేహామను శస్త్రవైద్యుడు, ఒక ఖండమును మాత్రమే తీయదలచి రొమ్ము తెరచి, అది చాలదని కనుగొని, ఎడమ ఊపిరితిత్తి నంతయు తీసివేసెను. క్యాన్సరునకై ఒక్క విడతలో ఇట్లు చేయగా రోగి బ్రదుకుట అదియే మొదలు. ఆ రోగి జేమ్సు గిల్మోరు, నలువదియెనిమిదేండ్ల ప్రసూతి వైద్యుడు. 1963 వరకు జీవించెను. పొగత్రాగుటకును ఈ వ్యాధికిని గల సంబంధమును 684 మంది రోగులను విచారించి 1950లో విండరుతో గూడి ప్రకటించిన గ్రేహాము, తానును చిరకాలము సిగరెట్లు కాల్చినవాడగుటచే, 1957లో అదే రోగముతో పోయెను.

గిల్మోరు తన రోగము పేరెరిగి బల్లపై పండుకొనెను. మా మామయ్యకు మేమంత మాత్రము గౌరవమీయలేదు. "గాలిగొట్టములో వాపు" అని చెప్పితిమి. ఆడువారు తట్టుకొనలేరని అత్తయ్యకును చెప్పలేదు. ఆ నిర్ణయము చేసిన నలుగురిలో నేనొకడను; చదువుకొన్నవాడనని నా మాట ముందుగా చెల్లినది.

భర్త పోయిన మా పినతల్లి ముప్పదియేండ్లు ఆయన యింట వండి పెట్టినది. ఊరిచివరి రెండుగదుల యిల్లు ఆమె పేర వ్రాసెదనని మామయ్య తరచుగా ననెడివాడు. ఆశ్వయుజమున మంచముమీదనుండి, "సంక్రాంతి వెళ్లనీరా, ఓపిక వస్తుంది, రిజిస్ట్రీ చేయిద్దాం" అనెను. "అట్లే మామయ్యా" అంటిని. మార్గశిరమున ఆయన పోయెను. కుమారులు ఆ యిల్లు అమ్ముకొనిరి. చట్టప్రకారము పినతల్లికి అందు హక్కు లేదు.

పినతల్లి ఇప్పుడు నా యింట నున్నది. మొన్న బియ్యము ఏరుచు, "అది వాపు కాదని నీకెప్పుడు తెలిసింది నాయనా?" అని యడిగెను. ఆషాఢములో నంటిని. ఆమె మార్గశిరము వరకు వ్రేళ్లపై లెక్కించి, మరల చేట నందుకొన్నది.